ఎవరి దారి వారిదే, అందరి కారూ ఒక్కటే

అమెరికా ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పెద్దలు తరచుగా ఒక మాట అంటుంటారు: "వాళ్ళ రక్తంలోనే అది ఉంది. తల్లిదండ్రులు అక్కర్లేదు, బంధువులు అక్కర్లేదు, ఎవరి లోకం వారిది. మన సంగతి వేరు." ఈ మధ్య ఒక వలీమా విందులో దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన నోట మళ్ళీ ఇదే మాట విన్నాను. ఆయన కుమారులిద్దరూ అమెరికాలోనే స్థిరపడ్డారు. పక్కన కూర్చున్న ఒక కళాశాల విద్యార్థి, "వాళ్ళు ఎప్పటి నుంచి అలా ఉన్నారు చాచా?" అని వినయంగానే అడిగాడు. "మొదటి నుంచీ అంతే బేటా" అని పెద్దాయన తేల్చేశారు. అంతలో వడ్డన మొదలైంది, మాట మారిపోయింది.

ఆ యువకుని ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఈ నెల ఈ శీర్షికను దానికే కేటాయిస్తున్నాను. ఎందుకంటే "మొదటి నుంచీ అంతే" అన్నది చారిత్రక సత్యం కాదు. పైగా అది మనల్ని నిశ్చింతగా నిద్రపుచ్చే మాట. వారి స్థితి వారి రక్తం వల్ల వచ్చినదైతే, మన రక్తం వేరు కాబట్టి మనకు భయం లేదు. అలా కాక అది ఒక జీవన విధానం వల్ల వచ్చినదైతే, ఆ జీవన విధానాన్ని ఎవరు చేపట్టినా ఫలితం వారికీ తప్పదు.

ఒక లెక్క చూడండి. 1850 ప్రాంతంలో అమెరికాలో 65 ఏళ్ళు పైబడిన వృద్ధుల్లో సుమారు 70 శాతం మంది తమ ఎదిగిన సంతానంతో కలిసి నివసించేవారని చరిత్రకారులు జనాభా లెక్కల ఆధారంగా నిర్ధారించారు. ఇరవయ్యో శతాబ్దం చివరికి అది 15 శాతం కన్నా తక్కువకు పడిపోయింది. ఒకప్పుడు ఆ దేశంలో కూడా నానమ్మలూ తాతయ్యలూ మనవల మధ్యనే కన్నుమూసేవారన్న మాట. మరి ఈ నడుమ ఏమి జరిగింది?

పొలం ఉన్నంత కాలం

నాటి అమెరికాలో అధిక సంఖ్యాకులు వ్యవసాయదారులు. భూమి తండ్రి పేరిట ఉండేది. పని నేర్పేవాడు తండ్రి, వారసత్వం ఇచ్చేవాడూ తండ్రే. ఇంట మిగిలిన కొడుకో కూతురో తల్లిదండ్రులను చూసుకునేవారు, పొలం వారికి దక్కేది. ఒక రైతు కొట్టం కట్టుకోవాలంటే చుట్టుపక్కల వారందరూ ఒక రోజు వచ్చి దూలాలు నిలబెట్టేవారు. రేపు వారికి అవసరమైనప్పుడు ఇతను వెళ్ళేవాడు. ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. అదే దేశపు దక్షిణ భాగంలో లక్షలాది ఆఫ్రికన్ బానిసలు ఉండేవారు. వారి తల్లులనూ పిల్లలనూ వేర్వేరు యజమానులకు అమ్మేసేవారు. ఆ బానిసల్లో పశ్చిమాఫ్రికా ముస్లింలు కూడా ఉన్నారన్నది మనం మరవరాదు. అయినా సామాన్య అమెరికన్ రైతు కుటుంబం ఒంటరి మనుషుల గుంపు కాదన్నది నిజం.

వ్యక్తివాదం అన్న భావన గురించి తొలినాళ్ళలో లోతుగా ఆలోచించిన వారిలో ఫ్రెంచి రచయిత అలెక్సిస్ డి టోక్విల్ ఒకరు. ఆయన 1831లో అమెరికా చేరి, తొమ్మిది నెలలు పర్యటించి, అక్కడి ప్రజాస్వామ్యంపై రెండు భాగాల గ్రంథం రాశారు. 1840లో వెలువడిన రెండవ భాగంలో ఆయన వ్యక్తివాదానికీ స్వార్థానికీ మధ్య తేడా చూపించారు. స్వార్థం పాత జబ్బు. వ్యక్తివాదం అలా కాదు, అది ప్రశాంతంగా కనిపించే భావం, మనిషి తన చిన్న కుటుంబంతో, కొద్దిమంది మిత్రులతో పక్కకు తప్పుకొని మిగతా సమాజాన్ని దాని మానాన వదిలేయడం. పూర్వీకులను మరచి, వారసులను పట్టించుకోక, మనిషి తన ఏకాంతంలోకి ముడుచుకుపోతాడని ఆయన హెచ్చరించారు. అలా విడివడిన మనుషులు స్వతంత్రంగా ఆలోచిస్తారనుకోవద్దని, అధిక సంఖ్యాకుల అభిప్రాయం ముందు వారు సులభంగా తలవంచుతారని కూడా అన్నారు.

ఆ మరుసటి ఏడాదే, 1841లో, అమెరికన్ తత్త్వవేత్త ఎమర్సన్ స్వావలంబనపై తన ప్రసిద్ధ వ్యాసాన్ని ప్రచురించారు. గుంపును అనుకరించకు, నీ అంతరాత్మ చెప్పినట్లు నడువు అన్నది దాని సారాంశం. అందులో ఆదరించదగినది ఎంతో ఉంది. అన్యాయాన్ని నలుగురూ చేస్తున్నా తాను చేయనని నిలబడే మనిషి ఏ సమాజానికైనా అవసరమే. ఎమర్సన్ కోరిన వ్యక్తి నలుగురిలా ఉండనివాడు. ఎనభై ఏళ్ళ తర్వాత అమెరికాలో తయారైనవాడు మాత్రం నలుగురి నుంచి విడిపోయి, అచ్చం ఆ నలుగురిలాగే బతికేవాడు. ఈ వింత ఎలా సంభవించిందో తెలుసుకోవడానికి కర్మాగారాల వైపు వెళ్ళాలి.

రైలు తెచ్చిన సమయం, కేటలాగు తెచ్చిన ఇల్లు

1869లో అమెరికా ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కలిపే రైలు మార్గం పూర్తయింది. అప్పటి వరకు ప్రతి ఊరికీ తన సమయం ఉండేది. సూర్యుడు నడినెత్తికి వస్తే ఆ ఊరికి మధ్యాహ్నం. నమాజు వేళలను సూర్యగమనం బట్టి లెక్కించే మనకు ఇది సులభంగానే అర్థమవుతుంది. ఊరికొక సమయంతో రైళ్ళు నడపడం కష్టమని 1883 నవంబరులో రైల్వే కంపెనీలు తమంతట తామే దేశాన్ని కాలమండలాలుగా విభజించాయి. ఊళ్ళు తమ గడియారాలను కంపెనీల గడియారానికి సరిదిద్దుకున్నాయి.

రైలు వెంట సరుకు వచ్చింది. సియర్స్ వంటి సంస్థలు వందలాది పేజీల కేటలాగులను పల్లె పల్లెకూ పంపాయి. 1896లో గ్రామీణుల ఇంటి గుమ్మానికే తపాలా అందించే సేవ మొదలైంది. 1913లో పార్సిల్ తపాలా వచ్చింది. చొక్కా, కుట్టుమిషను, పియానో మొదలుకొని, 1908 నుంచి ఏకంగా ఇల్లే విడి భాగాలుగా తపాలా ఆర్డరుపై లభించసాగింది. ఊరి దుకాణదారుడు మన తండ్రిని ఎరిగినవాడు, కష్టకాలంలో అరువు ఇచ్చేవాడు. కేటలాగుకు మన ముఖం తెలియదు. ధర తగ్గింది, ఎంపిక పెరిగింది. దానితో పాటు వేల మైళ్ళ దూరంలోని రెండు ఇళ్ళలో ఒకే కుర్చీ, ఒకే దీపం చేరాయి.

హైలాండ్ పార్క్ కథ

ఈ మార్పు పూర్తి రూపం దాల్చిన చోటు డెట్రాయిట్‌ను ఆనుకొని ఉన్న హైలాండ్ పార్క్. అక్కడ హెన్రీ ఫోర్డ్ కర్మాగారం 1910లో ప్రారంభమైంది. 1913లో కదిలే అసెంబ్లీ లైను వచ్చింది. మనిషి పని దగ్గరకు వెళ్ళడం మాని, పనే మనిషి ముందుకు రావడం మొదలైంది. పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ కూర్పు కొద్ది నెలల్లోనే 93 నిమిషాలకు దిగింది. 1908లో 850 డాలర్లు పలికిన మోడల్-టి కారు 1920ల నడుమకు 300 డాలర్ల లోపే దొరికింది.

కాని ఆ పనిని మనుషులు భరించలేకపోయారు. రోజంతా ఒకే మర బిగించడం ఎవరి చేత అవుతుంది? 1913లో దాదాపు 14 వేల మంది కార్మికులను నిలుపుకోవడానికి కంపెనీ ఏడాది పొడవునా 52 వేల మందిని చేర్చుకోవలసి వచ్చింది. చేరినవారు చేరినట్టే వెళ్ళిపోయేవారు. దీనికి విరుగుడుగా 1914 జనవరి 5న ఫోర్డ్ ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచే ప్రకటన చేశారు: ఎనిమిది గంటల పనికి రోజుకు అయిదు డాలర్లు. అంతకు ముందు తొమ్మిది గంటలకు ఇచ్చినదానికి ఇది రెట్టింపుకు పైమాటే. వేలాది మంది ఆ చలిలో గేటు ముందు బారులు తీరారు.

అయితే ఆ అయిదు డాలర్లలో సగం జీతం కాదు, లాభాల్లో వాటా. దానికి అర్హత సంపాదించాలి. అర్హతను నిర్ణయించడానికి కంపెనీ "సామాజిక విభాగం" పేరిట ఒక శాఖను నెలకొల్పింది. దాని పరిశీలకులు కార్మికుల ఇళ్ళకు వెళ్ళేవారు. ఇల్లు శుభ్రంగా ఉందా, మద్యం తాగుతాడా, బ్యాంకులో ఎంత దాచాడు, భార్యతో సక్రమంగా ఉంటున్నాడా అని ఆరా తీసేవారు. ఇందులో కొన్ని మనకూ మంచి ప్రశ్నలుగానే తోస్తాయి. కాని వారు మరొకటి కూడా చూసేవారు: ఇంట్లో బయటివారు ఎవరైనా ఉంటున్నారా? వలస వచ్చిన కుటుంబాలు తమ ఊరి నుంచి కొత్తగా వచ్చినవారికి ఇంట్లో చోటిచ్చి, అన్నం పెట్టి, కొంత అద్దె తీసుకునేవి. పరాయి దేశంలో అదే వారి ఆసరా. కంపెనీ దృష్టిలో అది లోపం. భర్త, భార్య, పిల్లలు మాత్రమే ఉన్న ఇల్లే దానికి ఆదర్శ గృహం.

కార్మికుల్లో సుమారు 70 శాతం మంది విదేశాల్లో పుట్టినవారు. వారికోసం 1914లోనే ఆంగ్ల పాఠశాల తెరిచారు. దాని పట్టప్రదానోత్సవం చూడదగినది. వేదికపై ఒక పెద్ద కుండ నమూనా ఉండేది. కార్మికులు తమ తమ దేశాల దుస్తుల్లో, మూటలు పట్టుకొని ఓడ మెట్లు దిగి ఆ కుండలోకి ప్రవేశించేవారు. ఉపాధ్యాయులు పొడవాటి గరిటెలతో కలియబెట్టేవారు. కాసేపటికి అందరూ ఒకే తీరు అమెరికన్ సూట్లు ధరించి, చేత జెండాలతో బయటికి వచ్చేవారు.

ఆ కుండ ఉత్త నాటకం కాదు. అయిదు డాలర్ల ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే, తమ క్యాలెండరు ప్రకారం క్రిస్మస్ జరుపుకోవడానికి పనికి రాని సుమారు 900 మంది గ్రీకు, రష్యన్ కార్మికులను కంపెనీ తొలగించింది. అమెరికాలో ఉండదలచినవారు అమెరికన్ పండుగలే పాటించాలన్నది దాని వాదన. ఈద్ నాడు సెలవు దొరకక కళ్ళు తుడుచుకున్న మన పిల్లలు ఏ దేశంలో ఉన్నా ఈ కథ వారికి పరాయిది కాదు.

ఆ కార్మికుల్లో సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి వచ్చిన ముస్లింలు కూడా ఉన్నారు. 1921లో కర్మాగారానికి దగ్గరలోనే హైలాండ్ పార్క్‌లో ఒక మసీదు వెలిసింది. అమెరికాలో మసీదుగానే కట్టిన తొలి భవనాల్లో అది ఒకటి. కాని అది ఎక్కువ కాలం నిలవలేదు. ఫోర్డ్ పని క్రమంగా డియర్‌బార్న్‌లోని కొత్త కర్మాగారానికి తరలింది. కార్మికులు అటు కదిలారు, మసీదు కొన్నేళ్ళలోనే చేతులు మారింది. తర్వాత డియర్‌బార్న్‌లో వారు మళ్ళీ కట్టుకున్నారు. పని ఎటు పోతే బస్తీ అటు పోవడం, బస్తీ కదిలితే మసీదూ కదలడం అన్నది కర్మాగార యుగపు నియమంగా మారింది.

తండ్రి కన్నా కొడుకు మిన్న

ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణంలో రాబర్ట్ లిండ్, హెలెన్ లిండ్ దంపతులు 1920ల నడుమ నివసించి, అక్కడి జీవితాన్ని పరిశీలించి 1929లో ఒక గ్రంథం ప్రచురించారు. 1890 నాటి మన్సీని తమ కాలపు మన్సీతో వారు పోల్చారు. ఆ ఊరు గాజు సీసాలకు పేరు. 1890లో గాజు ఊదే పని ఏళ్ళ తరబడి నేర్చుకోవలసిన విద్య. యంత్రాలు వచ్చాక ఆ విద్య అక్కరలేకపోయింది. కొద్ది వారాల అనుభవంతో 19 ఏళ్ళ కుర్రవాడు 45 ఏళ్ళ తండ్రి కన్నా ఎక్కువ సరుకు తీయగల స్థితి వచ్చిందని వారు గమనించారు.

నా దృష్టిలో ఈ కథ అంతటికీ ఇదే కీలకం. తండ్రి మాటకు విలువ ఇవ్వవద్దని ఆ కుర్రవాడికి ఎవరూ బోధించలేదు. తండ్రి దగ్గర నేర్చుకోవలసినది లేకుండా పోయింది, వారసత్వంగా పొందవలసిన పొలమూ లేదు. వారం చివర అతని చేతిలో స్వంత జీతం పడింది. ఆ జీతం ఎటు పోవాలో చెప్పడానికి కొత్త గొంతులు సిద్ధంగా ఉన్నాయి.

మొదట వాయిదాలు. ఫోర్డ్‌కు అప్పు ఇష్టం లేదు. వారానికి అయిదు డాలర్లు దాచుకొని, మొత్తం పోగయ్యాక కారు తీసుకొమ్మని 1923లో ఆయన ఒక పథకం పెట్టారు. అది నిలబడలేదు. ఎందుకంటే పోటీదారు జనరల్ మోటార్స్ 1919లోనే రుణ సంస్థను స్థాపించి, కారు ముందు తీసుకో, వడ్డీతో తర్వాత తీర్చు అన్నది. ఆ పైన ఏటేటా కొత్త నమూనా, కొత్త రంగు తెచ్చి, నిన్నటి కారును చూసి యజమానే సిగ్గుపడేలా చేసింది. 1927లో కోటీ యాభై లక్షల కార్ల తర్వాత మోడల్-టి తయారీ ఆగిపోయింది. మరుసటి ఏడాది ఫోర్డ్ కంపెనీ కూడా రుణ సంస్థ పెట్టుకుంది. మన్సీలో కారు కోసం ఇల్లు తాకట్టు పెట్టిన కుటుంబాలనూ లిండ్ దంపతులు చూశారు.

తర్వాత గాలిలో మాటలు. 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్ నుంచి అధ్యక్ష ఎన్నికల ఫలితాలు రేడియోలో వినిపించాయి. పదేళ్ళు తిరిగేసరికి, 1930 జనాభా లెక్కల నాటికి, దేశంలో సుమారు 40 శాతం కుటుంబాల్లో రేడియో ఉంది. సాయంత్రం వేళ తాతయ్య చెప్పే కథ స్థానంలో దేశమంతటా ఒకే హాస్య నాటిక, దాని నడుమ ఒకే పళ్ళపొడి ప్రకటన.

చివరికి స్వేచ్ఛే సరుకైంది. 1929 మార్చి 31న న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఈస్టర్ ఊరేగింపు జరుగుతుండగా కొందరు యువతులు బహిరంగంగా సిగరెట్లు వెలిగించారు. పత్రికలు దాన్ని స్త్రీల స్వాతంత్ర్య ప్రకటనగా రాశాయి. దాని వెనుక ఉన్నది ఒక పొగాకు కంపెనీ నియమించుకున్న ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్. ఆ సిగరెట్లకు "స్వేచ్ఛా జ్యోతులు" అని పేరు పెట్టించింది కూడా ఆయనే. నీ జీవితం నీ ఇష్టం అన్న మాట ఎంత ఉదాత్తంగా మొదలై ఎక్కడకు చేరిందో చూడండి. తన ఇష్టాన్ని తానే ఎంచుకున్నానని ఆ పొగ పీల్చిన యువతి నమ్మింది. ఆ ఇష్టాన్ని ముందే మరొకరు తయారు చేసి ఉంచారు.

వ్యక్తివాదమూ, అందరినీ ఒకే అచ్చులో పోసే సామూహిక సంస్కృతీ పరస్పర విరుద్ధాలని మనం అనుకుంటాం. అమెరికా చరిత్ర చెప్పేది వేరు. అత్తను, పినతండ్రిని, పొరుగువారిని, వృత్తి గురువును అడిగే అవసరం లేని మనిషి, ఏది తినాలో, ఏది తొడగాలో, ఎలా నవ్వాలో ఎవరినో ఒకరిని అడగక తప్పదు. ఆ ఖాళీలోకి ప్రకటన వచ్చి కూర్చుంది. పదిమంది ఉన్న ఇంటికి ఒక కుంపటి చాలు; పది ఒంటరి ఇళ్ళకు పది కావాలి. కర్మాగారానికి ఏది లాభమో వేరే చెప్పనక్కరలేదు.

పండుగ ముగిసిన తర్వాత

1928 అక్టోబరులో హెర్బర్ట్ హూవర్ తన ఎన్నికల ప్రసంగంలో దృఢమైన అమెరికన్ వ్యక్తివాదాన్ని వేనోళ్ళ కొనియాడారు, గెలిచారు. ఏడాది తిరగకుండానే 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలిపోయింది. 1933 నాటికి పనిచేయగలవారిలో నాలుగో వంతు మందికి పని లేదు. 1932 మార్చి 7న పని అడుగుతూ డియర్‌బార్న్ ఫోర్డ్ కర్మాగారానికి కదలివెళ్ళిన నిరుద్యోగులపై కాల్పులు జరిగి నలుగురు అక్కడే మరణించారు. వెనుదిరిగి వెళ్ళడానికి చాలామందికి పొలం లేదు, పెద్ద ఇల్లు లేదు. 1935లో సామాజిక భద్రతా చట్టం వచ్చింది. ఒకప్పుడు కొడుకు చేసిన పనిని ఇకపై ప్రభుత్వ పింఛను చేయవలసి వచ్చింది. అది మంచి చట్టం, లక్షలాది వృద్ధులను ఆకలి నుంచి కాపాడింది. కాని పింఛను అన్నం పెడుతుంది, పక్కన కూర్చొని తినదు.

ఈ చరిత్రలో మేలు లేదని నేను అనను. యంత్రం స్త్రీల నడుములు విరిచే చాకిరీని తగ్గించింది, ఎనిమిది గంటల పనిదినాన్ని ఇచ్చింది, పేదవాడి పాదాలకు చెప్పులు తొడిగింది. అమెరికన్లు చెడ్డవారు కావడం వల్ల ఒంటరులు కాలేదు. మంచి జీతం కోసం, పిల్లల సుఖం కోసం ఒక్కొక్క అడుగూ వేశారు. ప్రతి అడుగూ సమంజసంగానే కనిపించింది. మన పిల్లలు డల్లాస్‌కో, గచ్చిబౌలికో వెళుతున్నదీ అదే సమంజసమైన అడుగుతోనే.

అందుకే ఆ వలీమా విందులోని పెద్దాయనకు నా మనవి ఒక్కటే. అమెరికాను నిందించే ముందు మన ఇళ్ళను ఒకసారి చూసుకుందాం. నా ఇంటితోనే మొదలుపెడతాను. రాత్రి ఎనిమిది గంటలకు నలుగురం నాలుగు మూలల్లో నాలుగు ఫోన్లతో ఉంటున్నాం. నాలుగింటిలోనూ వచ్చే ప్రకటన ఒక్కటే. మా అమ్మీ చేతి పచ్చడి ఎలా పెట్టాలో మా అమ్మాయి వీడియోలో చూసి నేర్చుకుంటోంది, అమ్మీ పక్క గదిలోనే ఉంది. పాత ఫోను బాగానే పనిచేస్తుండగా కొత్తదానికి వాయిదాలు కట్టమని సలహా ఇచ్చింది నేనే. మా ఇంట్లో ఏ పరిశీలకుడూ తలుపు తట్టలేదు, ఎవరూ మమ్మల్ని కుండలో కలియబెట్టలేదు.

చేయగలిగినవి చిన్నవే. రోజుకు ఒక పూటైనా ఒకే దస్తర్‌ఖాన్ మీద, ఫోన్లు పక్కన పెట్టి తినడం. వాయిదా పత్రంపై సంతకం చేసే ముందు, దాన్ని తీర్చడానికి ఇంటివారితో గడపవలసిన ఎన్ని గంటలు ఖర్చవుతాయో లెక్క వేయడం. అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్లలు ఇంటి పెద్దల దగ్గర నేర్చుకోవలసిన పని ఒక్కటైనా ఇంట్లో మిగల్చడం. అది కుట్టుపని కావచ్చు, వంట కావచ్చు, దుకాణం లెక్క కావచ్చు, ఉర్దూ చదవడం కావచ్చు. అవసరం ఉన్నంత కాలం పిల్లలు పెద్దల గదిలోకి వస్తారు.

ఆ విద్యార్థి ఈ వ్యాసం చదువుతాడో లేదో తెలియదు. చదివితే అతనికి నా సమాధానం ఇది: మొదటి నుంచీ కాదు బేటా. మూడు నాలుగు తరాల్లో జరిగింది, జరుగుతున్నప్పుడు ఎవరికీ తెలియలేదు. మన ఇంట ఇది ఎన్నో తరమో ఈ రాత్రి మీ దాదాజాన్‌ను అడుగు.